సాయం అడిగే మాటలు: ఇటాలియన్‌లో, తెలుగులో, ఒక యుద్ధంలో

మౌంట్ ఆల్బర్ట్ నుంచి మళ్ళీ రాస్తున్నాను. ఈసారి వ్యాకరణ పాఠం కాదు, చరిత్ర. కానీ వ్యాకరణం కూడా మధ్యమధ్యలో వస్తుంది. ఎందుకంటే ఈ చరిత్రలో ఒక ప్రభుత్వం ఒక సర్వనామం మీద పోరాటం చేసింది. ఇంకోచోట, నాలుగు ముక్కలు మర్యాదగా అడగడం వచ్చిన మనిషికి రొట్టె దొరికింది, ప్రాణం నిలిచింది.

తెలుగు సొంతంగా నేర్చుకునే మనలో చాలామంది మొదట్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్లీజ్‌ని తెలుగులో ఏమంటారు?" పుస్తకం "దయచేసి" అంటుంది. ఇంట్లో మాత్రం ఆ మాట వినపడదు. రైల్వే స్టేషన్ మైకులో వినపడుతుంది, ఆఫీసు గోడ మీద బోర్డులో కనపడుతుంది. మా అమ్మమ్మ బస్సులో సీటు అడిగినా, పక్కింటావిణ్ణి కరివేపాకు అడిగినా "దయచేసి" అనదు. "కాస్త జరుగుతారా అమ్మా", "రెండు రెబ్బలు ఇస్తావా వదినా" అంటుంది. మర్యాద అంతా ఆ "కాస్త"లో, ఆ "రెండు రెబ్బల్లో", ఆ "అమ్మా"లో, చివరన ఉన్న ప్రశ్నలో ఉంది.

ఇటాలియన్ నేర్చుకునేవాళ్ళకి ఇదే ప్రశ్నకి జవాబు వెంటనే దొరుకుతుంది: "పెర్ ఫవోరే". కానీ అక్కడ కూడా అసలు మర్యాద ఆ మాటలో లేదు. న్యూజిలాండ్ యుద్ధఖైదీల గురించి చదువుతూ నేను ఇటాలియన్‌లోకి వెళ్ళాను. వెళ్ళి చూస్తే మన తెలుగే కొత్తగా కనిపించింది. పూర్వం ఇంగ్లీషువాళ్ళు తెలుగుని ఇటాలియన్‌తో పోల్చింది మాటల చివర అచ్చులు వస్తాయని. నాకు అంతకంటే దగ్గర పోలిక సాయం అడిగే పద్ధతిలో కనిపించింది.

వాళ్ళ మూడు, మన మూడు

ఇటాలియన్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి మూడు మాటలున్నాయి. "తు" అంటే నువ్వు. "వోయి" అంటే మీరు; చాలామందికైనా, గౌరవంగా ఒక్కరికైనా. మూడోది "లెయి". దాని అసలు అర్థం "ఆమె". ఎదురుగా ఉన్నది మీసాలున్న పోలీసాయన అయినా సరే, గౌరవంగా మాట్లాడాలంటే "ఆమె" అనాలి.

ఇది వింతగా ఉంటుంది కానీ కారణం ఉంది. పాతకాలంలో పెద్దవాళ్ళని నేరుగా పిలవకుండా "వోస్త్రా సిన్యోరియా" అనేవాళ్ళు. మన మాటల్లో చెప్పాలంటే "మీ దొరతనం". ఆ మాట ఇటాలియన్‌లో స్త్రీలింగం. కాబట్టి దాని బదులు వచ్చే సర్వనామం "ఆమె". 15, 16 శతాబ్దాల్లో ఈ అలవాటు గట్టిపడింది.

మనకి ఇది కొత్తేమీ కాదు. "ఏలినవారు ఏమంటారో" అని రాజు ఎదురుగా నిలబడి అన్నప్పుడు మనవాళ్ళూ అదే చేశారు. ఎదురుగా ఉన్నవాణ్ణి ఎక్కడో దూరంగా ఉన్నవాడిలా మాట్లాడారు. "తమరు" కూడా అలాంటిదే. నువ్వు, మీరు, తమరు. తు, వోయి, లెయి. అచ్చంగా ఒకటి కాదు, కానీ మెట్లు మూడూ కనపడతాయి. ఇంకో పోలిక: రెండు భాషల్లోనూ దేవుడికి మాత్రం మొదటి మెట్టే. ఇటాలియన్ ప్రార్థనలో దేవుడు "తు". మన పాత పద్యాల్లో, కీర్తనల్లో ఆయన "నీవు".

క్రియల్లో కూడా చూడండి. "దామ్మి" అంటే ఇవ్వు. "దాతెమి" అంటే ఇవ్వండి. "మి దియా" అన్నది లెయితో వచ్చే రూపం. దానికి దగ్గరగా మన దగ్గర ఒక చక్కని రూపం ఉంది: "ఇప్పించండి". మీరే ఇవ్వాలని కాదు, ఎవరిచేతైనా ఇచ్చేలా చూడండి అని. స్కూల్లో సెలవు చీటీ రాసేటప్పుడు "సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని రాస్తారు. సెలవు ఇచ్చేది ఆ హెడ్మాస్టరే. అయినా ఆయన్ని ఒక అడుగు పక్కకి జరిపి అడుగుతాం. మర్యాద అంటే చాలాసార్లు ఈ పక్కకి జరపడమే.

తగ్గించి అడగడంలో కూడా రెండు భాషలూ చుట్టాలే. "ఉన్ పో ది పానె" అంటే కొంచెం రొట్టె. ఆకలి కొండంత ఉన్నా అడిగేది కొంచెమే. మనం "కాస్త మంచినీళ్ళు", "ఒక్క నిమిషం", "రవ్వంత చోటు" అంటాం. గతకాలంలోకి వెళ్ళి అడగడం కూడా ఉంది. ఇటాలియన్లు "వొలేవో కియెదెరె" అంటారు, అంటే "అడగాలనుకున్నాను". మనవాళ్ళు గుమ్మంలో నిలబడి "మిమ్మల్ని ఒకటి అడుగుదామని వచ్చానండీ" అంటారు. అడగడం ఇంకా మొదలే కాలేదు. కానీ అప్పుడే అది గతం అయిపోయింది. ఎదుటివాళ్ళు "ఇప్పుడు కుదరదు" అంటే ఎవరికీ నొప్పి లేదు.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. సాయం చెయ్యమనడానికి ఇటాలియన్లు "మి దాయి ఉనా మానో?" అంటారు: నాకొక చెయ్యి ఇస్తావా? బరువైన బస్తా ఎత్తాలంటే మన ఊళ్ళలో "ఒక చెయ్యి వెయ్యండి" అంటారు. రెండు భాషల్లోనూ సాయం అంటే చెయ్యే.

1938: సర్వనామం మీద ప్రభుత్వం

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1938 జనవరిలో బ్రూనో చికొన్యాని అనే రచయిత మిలాన్ పత్రిక "కొర్రియెరె దెల్లా సేరా"లో ఒక వ్యాసం రాశాడు. "లెయి" అన్నది పరాయివాళ్ళ దగ్గర నుంచి వచ్చిన బానిస అలవాటు, దాన్ని తీసెయ్యాలి అని. ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం ఆ మాట పట్టుకుంది. పార్టీలో, ఆఫీసుల్లో, బడుల్లో "లెయి" వద్దు, "వోయి" అనాలి అని ఆదేశాలు వచ్చాయి. "లెయి" అనే పేరుతో ఒక ఆడవాళ్ళ పత్రిక ఉండేది. అందులో ఆ మాటకి "ఆమె" అనే అర్థం. అయినా పేరు మార్చుకోక తప్పలేదు. అదే తర్వాత "అన్నబెల్లా" అయింది. "అయితే గెలీలియో గలిలెయిని గలివోయి అనాలా?" అని హాస్యనటుడు తోతో అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నవ్వొస్తుంది కానీ ఇది చిన్న విషయం కాదు. మనిషి ఇంకో మనిషిని ఎలా పలకరించాలో ప్రభుత్వం చెప్పడం మొదలుపెడితే, మర్యాద విధేయత అయిపోతుంది. ఏ మాట వాడావో చూసి నువ్వు ఎవరి పక్షమో తేలుస్తారు. దక్షిణ ఇటలీ పల్లెల్లో అయితే "వోయి" అంతకుముందు నుంచే ఉంది. పిల్లలు తల్లిదండ్రుల్ని కూడా "వోయి" అనేవాళ్ళు. ఆ "వోయి" ఇంటి మర్యాద. 1938 "వోయి" సర్కారు మర్యాద. మాట ఒకటే, బరువు వేరు. ముస్సోలినీ పడిపోయాక "లెయి" తిరిగి వచ్చింది. ఇప్పుడు క్లాసుల్లో నేర్పేది అదే.

మన వైపు ఒక మాట

ఇది చదువుతుంటే నాకు తెలంగాణ గుర్తొచ్చింది. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొరల గడీలుండేవి. ఊళ్ళోవాళ్ళు గడీకి వెట్టి చెయ్యాలి, అంటే కూలి లేని పని. దొర ముందు ఏదైనా అడగాలంటే "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అనాలి. బాంచన్ అంటే బానిసని. కాల్మొక్త అంటే కాళ్ళు మొక్కుతాను. గమనించారా, ఇందులో "నీ" ఉంది, "మీ" లేదు. అయినా ఇంతకంటే వంగిన మాట తెలుగులో లేదు. సర్వనామం ఒక్కటే చూసి మర్యాద కొలవకూడదని నాకు నేర్పింది ఈ మాటే.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి లేచిన రైతాంగ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట, తన భూమి వదలనని నిలబడింది. భూమి కోసం, వెట్టి పోవడం కోసం జరిగిన పోరాటం అది. కానీ దాని గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆ "బాంచన్" మాట పోయిందన్న సంగతి కూడా తప్పకుండా చెబుతారు. ఒక మాట ఇక అనక్కర్లేకపోవడం కూడా గెలుపే.

కాబట్టి అడగడంలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో అడిగేవాడు తనని తాను తగ్గించుకుంటాడు, ఎందుకంటే వేరే దారి లేదు. ఇంకోదానిలో అడిగేవాడు ఎదుటివాళ్ళకి "కాదు" అనే వీలు ఇస్తాడు. బయటికి రెండూ మర్యాదగానే వినపడతాయి. లోపల రెండూ ఎదురెదురు.

1943 సెప్టెంబరు

1941 చివర్లో లిబియాలో సిదీ రెజెగ్ దగ్గర, 1942 జులైలో ఈజిప్టులో రువైసాత్ గుట్ట దగ్గర చాలామంది న్యూజిలాండ్ సైనికులు పట్టుబడ్డారు. వాళ్ళని మధ్యధరా సముద్రం దాటించి ఇటలీ క్యాంపులకి తీసుకెళ్ళారు. ఉదీనె దగ్గర గ్రుప్పిన్యానోలో 57వ నంబరు క్యాంపు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వాళ్ళకి బాగా తెలిసిన పేరు. కొందరిని అక్కడి నుంచి పొలం పనులకి పంపారు. వెర్చెల్లి చుట్టుపక్కల వరి పొలాలు కూడా అందులో ఉన్నాయి. అవును, వరే. ఉత్తర ఇటలీలో మన కోనసీమలాగా నీళ్ళు నిండిన మళ్ళు ఉంటాయి, ఆడవాళ్ళు వంగి కలుపు తీసేవాళ్ళు. ఆ పొలాల గట్ల మీదే చాలామంది ఖైదీలకి మొదటి ఇటాలియన్ మాటలు వచ్చాయి.

1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలకి లొంగిపోయినట్టు రేడియోలో ప్రకటించారు. అప్పటికి ఇటలీలో మిత్రరాజ్యాల ఖైదీలు సుమారు 80 వేలమంది. క్యాంపుల్లోనే ఉండండి, మన సైన్యం వచ్చేస్తుంది అని వాళ్ళకి లండన్ నుంచి ముందే రహస్యంగా ఆదేశం వెళ్ళింది. సైన్యం రాలేదు, జర్మన్లు వచ్చారు. ఆదేశం పాటించిన చోట వేలకి వేలమంది రైలు పెట్టెల్లో జర్మనీ వెళ్ళారు. ఫొంతానెల్లాతో క్యాంపులో ఇటాలియన్ కమాండెంట్ విచెదోమిని కంచె కోయించి ఖైదీల్ని బయటికి పంపేశాడు. జర్మన్లు ఆయన్ని పట్టుకుని తీసుకెళ్ళారు. యుద్ధం అయిపోయిన కొద్దికాలానికే ఆయన చనిపోయాడు.

అలా వేలమంది యువకులు యూనిఫారాలతో ఇటలీ పొలాల్లోకి వచ్చి పడ్డారు. డబ్బు లేదు, మ్యాపు లేదు, చలికాలం వస్తోంది. వాళ్ళ దగ్గర ఉన్నది కొన్ని మాటలు.

గుమ్మం ముందు

ఆ ఖైదీల జ్ఞాపకాల్లో ఒకే రకం కథ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ముందు దూరం నుంచి ఇంటిని చూడాలి. పెద్ద ఇల్లు వద్దు, పేద ఇల్లు మంచిది. కరెంటు తీగలు, టెలిఫోను తీగలు ఉన్న ఇల్లు వద్దు. రోడ్డుకి దూరంగా ఉండాలి. ఆ తర్వాత వెళ్ళి పలకరించాలి.

అప్పుడు ఏమనాలి? ఇటాలియన్‌లో "ఆయూతో!" అంటే "కాపాడండి!" అది మునిగిపోయేవాడి కేక. ఇంటి ముందు నిలబడి అలా అరవకూడదు. మొదట "బ్వొన్ జోర్నో". తర్వాత తను ఎవరో చెప్పాలి: "ప్రిజొనియేరో", ఖైదీని. ఆ మాట చెప్పడం అంటే తన ప్రాణం ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడమే. ఆ తర్వాత "ఓ ఫామె", ఆకలిగా ఉంది. లేకపోతే "అవేతె ఉన్ పో ది పానె?", కొంచెం రొట్టె ఉందా? ఇక్కడ "ఇవ్వు" లేదు. "ఉందా?" అనే ఉంది. మనం కూడా కొట్టులో తప్ప ఎక్కడా "ఇవ్వండి" అని నేరుగా మొదలుపెట్టం. "మీ దగ్గర నిచ్చెన ఉంటుందా అండీ?" అంటాం. "లేదు" అనడానికి వీలుగా దారి తెరిచి పెడతాం.

ఇటలీలో గడప దాటేటప్పుడు "పెర్మెస్సో?" అంటారు, అంటే "రావచ్చా?". తలుపు బార్లా తెరిచి ఉన్నా, లోపలికి రమ్మని పిలిచినా ఆ మాట అంటారు. మన ఊళ్ళో "ఏవండీ, ఎవరున్నారు ఇంట్లో?" అని గుమ్మం బయటే ఆగినట్టు.

ఆ ఇళ్ళలో ఉన్నది ఎవరు? చాలామంది "మెద్జాద్రి", మన మాటలో పాలికి చేసే రైతులు. పండినదాంట్లో దాదాపు సగం భూమి యజమానిది. యుద్ధకాలం కాబట్టి మిగిలినదాంట్లో కొంత ప్రభుత్వానిది. యజమాని ముందు టోపీ తీసి నిలబడి అడగడం అలవాటైనవాళ్ళు వాళ్ళు. ఇప్పుడు మొదటిసారి, ప్రపంచాన్ని ఏలుతున్న సామ్రాజ్యపు సైనికులు వచ్చి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి వాళ్ళని "మీరు" అని అడుగుతున్నారు. ఈ తిరగబడిన వరసని ఒక్క క్షణం ఊహించండి.

వాళ్ళు ఎందుకు పెట్టారు? చాలామంది ఆడవాళ్ళు చెప్పిన జవాబు ఒకటే. మా అబ్బాయి రష్యాలో ఉన్నాడు, వాడికి అక్కడ ఏ తల్లైనా ఇలాగే ఒక ముద్ద పెడుతుందేమో అని. 1942-43 చలికాలంలో ఇటలీ సైన్యం రష్యాలో నాశనమైంది. వేల ఇళ్ళకి కొడుకుల కబురు లేదు. ఎదురుగా నిలబడిన ఈ కుర్రాణ్ణి చూసి వాళ్ళు "పొవెరీనో" అనేవాళ్ళు. మన "పాపం, పిచ్చి నాయన" అన్నట్టు.

ఖైదీలు ఊరికే తిని కూర్చోలేదు. ద్రాక్షలు కోశారు, మొక్కజొన్న ఒలిచారు, కట్టెలు కొట్టారు. "ఒక చెయ్యి" అడిగినవాళ్ళు ఇంకో చెయ్యి వేశారు.

దాని ధర

ఖైదీని పట్టిస్తే 1,800 లీరాలు బహుమానం అని జర్మన్లు పోస్టర్లు అంటించారు. దాచిపెడితే మరణశిక్ష. ఇది బెదిరింపు మాత్రమే కాదు.

రెజ్జో ఎమీలియా దగ్గర చెర్వి అనే రైతు కుటుంబం ఉండేది. తండ్రి ఆల్చిదె, తల్లి జెనొవెఫ్ఫా, ఏడుగురు కొడుకులు. ఫాసిస్టుల్ని మొదటినుంచీ వ్యతిరేకించినవాళ్ళు. 1943లో పారిపోయి వచ్చిన విదేశీ ఖైదీలకి తమ ఇంట్లో చోటు ఇచ్చారు. నవంబరు 25 తెల్లవారుజామున ఫాసిస్టులు ఇంటిని చుట్టుముట్టారు. డిసెంబరు 28న ఏడుగురు అన్నదమ్ముల్నీ రెజ్జో ఎమీలియాలో కాల్చేశారు. జెలిందో, అంతెనోరె, ఆల్దో, ఫెర్దినాందో, అగొస్తీనో, ఓవిదియో, ఎత్తోరె. తల్లి ఆ తర్వాత ఏడాదిలోనే పోయింది. తండ్రి 1970 దాకా బతికాడు.

ఇది తెలిశాక మర్యాద గురించి నా ఆలోచన మారింది. ఆ గుమ్మం ముందు నిలబడి అడగడం అంటే రొట్టె ఒక్కటే అడగడం కాదు. "నా కోసం మీ ప్రాణం పణం పెడతారా?" అని అడగడం. అలాంటి ప్రశ్న ఎంత మెత్తని మాటల్లో అడిగినా తేలిక కాదు. అందుకే చాలామంది ఖైదీలు ఒకే ఇంట్లో ఎక్కువ రోజులు ఉండేవాళ్ళు కాదు, పశువుల కొట్టంలో పడుకుని తెల్లారకముందే కదిలేవాళ్ళు. వెళ్ళిపోవడం కూడా మర్యాదలో భాగమే. అసలు అదే పెద్ద భాగం అనిపిస్తుంది.

మనవాళ్ళు కూడా

ఈ కథలో ఇండియా వాళ్ళు లేరనుకోకండి. అబ్రుజ్జో కొండల్లో అవెద్జానో క్యాంపులో భారతీయ ఖైదీలుండేవాళ్ళు. 1943 సెప్టెంబరులో వాళ్ళూ కొండ పల్లెల్లోకి వెళ్ళారు, అక్కడి రైతులే దాచారు. ఇటలీలో ఖైదీలుగా ఉన్న అధికారుల్లో యాహ్యా ఖాన్, కుమారమంగళం ఉన్నారు. 1966లో మొదటాయన పాకిస్తాన్ సైన్యానికి, రెండో ఆయన భారత సైన్యానికి అధిపతులయ్యారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దేశంలో, ఒకే కంచె లోపల ఉండి తప్పించుకునే దారి వెతికినవాళ్ళే.

1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోంటె కస్సీనో దగ్గర న్యూజిలాండ్ డివిజన్, 4వ భారతీయ డివిజన్ పక్కపక్కనే పోరాడాయి. పై అధికారి న్యూజిలాండ్ జనరల్ ఫ్రైబర్గ్. ఫిబ్రవరి 17 రాత్రి కస్సీనో రైల్వే స్టేషన్ మీద దాడి చేసింది 28వ మావోరీ బెటాలియన్. భారతీయ డివిజన్‌లో మద్రాస్ శాపర్స్ కంపెనీలు ఉన్నాయి. రోడ్లు, వంతెనలు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం వాళ్ళ పని. పాత మద్రాసు రాష్ట్రం నుంచి తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు కలిసి ఉండే దళం అది. ఆ నెలలోనే ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణియం మందుపాతర మీద పడుకుని తోటివాళ్ళని కాపాడి చనిపోయాడు. ఆయనకి జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆయన ఎవరూ అడగకుండానే చేశాడు. అడగడానికి టైమే లేదు.

మా కొండ చుట్టూ

నేనుండే ఊరికి ఆ పేరు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ నుంచి వచ్చింది. మావోరీలో ఈ కొండ పేరు ఓవైరాకా. ఎత్తు 135 మీటర్లు. కొండకి కాస్త దూరంలో ఆల్బర్టన్ అనే పాత ఇల్లు ఉంది. 1863లో కట్టారు. కట్టించిన ఆలన్ కెర్ టేలర్ ఇండియాలో పుట్టినవాడు. ఆ వరండాలు చూస్తే తెలుస్తుంది, ఇండియా ఇళ్ళ గాలి తగులుతుంది.

ఆయన భార్య సొఫియా ఆడవాళ్ళకి ఓటు హక్కు కావాలని ఆక్లాండ్‌లో గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఒకరు. 1893లో న్యూజిలాండ్ ఆడవాళ్ళు పార్లమెంటుకి పెద్ద అర్జీ పంపారు. దాదాపు 32 వేల సంతకాలు. అర్జీ భాష ఆ కాలం పద్ధతిలో వినయంగానే ఉంటుంది, మన "ప్రార్థన" లాగా. కానీ ఆ 32 వేల పేర్లు ఒకదాని కింద ఒకటి అతికించి చుట్టగా చుట్టి పార్లమెంటులో దొర్లిస్తే అది వినయం కాదు, బలం. ఆ ఏడాది సెప్టెంబరు 19న చట్టం వచ్చింది. జాతీయ ఎన్నికల్లో ఆడవాళ్ళకి ఓటు ఇచ్చిన మొదటి స్వపరిపాలక దేశం ఇదే. మర్యాదగా అడగడానికీ వంగి అడగడానికీ తేడా చూపించడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. నడిచి వెళ్ళేంత దగ్గర.

న్యూజిలాండ్ వైపు నుంచి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగాక వెల్లింగ్టన్‌లో ఐలాండ్ బే ఇటాలియన్ జాలరుల్లో కొందరిని శత్రుదేశస్థులని సోమ్స్ ద్వీపంలో బంధించారు. దాని మావోరీ పేరు మాటియు. మూడేళ్ళ తర్వాత ఇటలీలో ఇటాలియన్ పల్లెవాళ్ళు న్యూజిలాండ్ కుర్రాళ్ళని ఇళ్ళలో దాచారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. శత్రువు అన్న మాట ప్రభుత్వాలు రాసేది. గుమ్మం దగ్గర అది చాలాసార్లు నిలవదు.

అప్పు ఎలా తీరింది

రోమ్ విముక్తి తర్వాత 1944లో మిత్రరాజ్యాల స్క్రీనింగ్ కమిషన్ అని ఒకటి పెట్టారు. ఫొంతానెల్లాతో క్యాంపు నుంచి బయటపడ్డ కర్నల్ హ్యూగో డి బర్గ్ దానికి పెద్ద. ఎవరు ఖైదీలకి సాయం చేశారో ఊరూరా తిరిగి తెలుసుకుని, ఖర్చు కింద కొంత డబ్బు, ఫీల్డ్ మార్షల్ అలెగ్జాండర్ పేరుతో ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. కొంతమంది డబ్బు తీసుకోలేదు. సాయాన్ని అమ్మినట్టవుతుందని.

1989లో కీత్ కిల్బీ అనే మాజీ ఖైదీ, ఇంకొందరు కలిసి మోంటె సాన్ మార్తీనో ట్రస్టు మొదలుపెట్టారు. అది ఇటలీ యువతకి ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. నాలుగు ఇటాలియన్ మాటలతో బతికినవాళ్ళు, ఆ అప్పుని భాషతోనే తీరుస్తున్నారు. మనలాంటివాళ్ళకి ఇంతకంటే నచ్చే సంగతి ఏముంటుంది?

గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. జనం మాట్లాడే భాషే పుస్తకంలో ఉండాలని ఆయన పోరాడారు. సాయం అడిగేటప్పుడు ఆ మాట ఇంకా నిజం. "దయచేసి" తప్పు కాదు, బోర్డు మీద అది సరైన మాటే. కానీ గుమ్మం ముందు మనిషికి కావాల్సింది "కాస్త", "ఉందా", "వీలవుతుందా", "అండీ". అవి చిన్న మాటలే. ఎదుటివాళ్ళు "కాదు" అనగలిగేలా చేసేవి అవే. "కాదు" అనగలిగి కూడా "రండి" అన్నవాళ్ళ వల్లే ఆ కుర్రాళ్ళలో చాలామంది ఇంటికి తిరిగొచ్చారు.

ఈసారి మాటలు

కాస్త: కొంచెం. అడిగేది పెద్దదైనా చిన్నదిగా చెయ్యడానికి. "కాస్త పట్టుకుంటారా?"

ఒక చెయ్యి వెయ్యడం: కలిసి ఎత్తడం, సాయపడటం. "ఈ బీరువా జరపాలి, ఒక చెయ్యి వేస్తారా?"

ఇప్పించండి: ఇచ్చేలా చూడండి. అర్జీల్లో, పెద్దవాళ్ళ దగ్గర.

శ్రమ ఇస్తున్నాను: మీకు నావల్ల కష్టం అని ఒప్పుకోవడం. "మీకు శ్రమ ఇస్తున్నానండీ."

వెట్టి: కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించే పని.

పాలికి చెయ్యడం: ఇంకొకరి భూమి సాగు చేసి పంటలో వాటా ఇవ్వడం.

గడప: ఇంటి తలుపు కింద ఉండే అడ్డ చెక్క. ఇటాలియన్లు "పెర్మెస్సో" అనే చోటు.